తొమ్మిది మంది చేతులు: జాకెట్టు శిక్షణ ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

మంగళగిరిలో మా కుట్టు దుకాణం పైన ఒక పొడవాటి గది ఉంది. ఇంతకుముందు నేత చీరల మూటలు దాచుకోవడానికి అద్దెకిచ్చేవాళ్లం. ఇప్పుడు ఖాళీ. అందులో ఐదు మిషన్లు, రెండు కత్తిరింపు బల్లలు వేసి, డ్వాక్రా సంఘాల్లోని ఆడవాళ్లకు జాకెట్టు కుట్టడం నేర్పాలని నిర్ణయించుకున్నాను. లక్ష్యం ఒక్కటే. అరవై రోజుల్లో, ఆది జాకెట్టు సాయం లేకుండా, ఎదుట నిలబడిన మనిషి కొలతలు తీసుకుని, లైనింగ్ జాకెట్టును తమంతట తాము కత్తిరించి కుట్టాలి. తొమ్మిది మందీ కుట్టాలి.

ఆది జాకెట్టు లేకుండా అన్న మాట కావాలనే పెట్టాను. పాత జాకెట్టును గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసుకుని కత్తిరించడం చాలామందికి వచ్చు. కానీ పాతదానిలో ఉన్న తప్పు కొత్తదానిలోకీ దిగుతుంది. కట్టుకునే మనిషి ఒళ్లు చేసినా, సన్నబడినా అలా కుట్టేవాళ్ల చెయ్యి ఆగిపోతుంది. కొలత నుంచి గీత, గీత నుంచి గుడ్డ, ఈ దారి తెలిస్తేనే అది చేతి పని అవుతుంది.

గతంలో రెండు విడతలు నేర్పాను. రెండుసార్లూ సగం మంది మధ్యలోనే మానేశారు. వాళ్లకు శ్రద్ధ లేదని అప్పట్లో అనుకున్నాను. మా అమ్మాయి బి.ఎడ్ చదువుతోంది. "అమ్మా, ఒక్కొక్కరు ఒక్కో తీరున నేర్చుకుంటారు. నువ్వు అందరికీ ఒకే తీరున చెప్పావేమో" అంది. ఆ మాట వదల్లేదు నన్ను. అందుకే ఈసారి శిక్షణతో పాటు ఈ డైరీ కూడా రాస్తున్నాను. ఎవరి పేర్లూ రాయను.

1వ రోజు

తొమ్మిది మందీ వచ్చారు. అందరికన్నా పెద్దావిడకు యాభై రెండేళ్లు. అందరికన్నా చిన్నది డిగ్రీ పూర్తి చేసిన అమ్మాయి. ఒకావిడ మగ్గం ఇంటి కోడలు, పెళ్లయినప్పటి నుంచి గుంట మగ్గం పక్కనే బతుకు. ఒకావిడ ఇళ్లలో పని చేసుకుని మధ్యాహ్నం వస్తానంది. మిగతా ఐదుగురివీ వ్యవసాయం, చిన్న కొట్లు.

మొదటి రోజు మిషను ముట్టుకోనివ్వలేదు. ఒక పూర్తయిన జాకెట్టును కుట్లన్నీ విప్పి బల్ల మీద ముక్కలుగా పరిచాను. వెనక భాగం, ముందు భాగాలు రెండు, చేతులు రెండు, నడుము పట్టీలు, హుక్కుల పట్టీ, కాజా పట్టీ, మెడకు వేసే క్రాస్ పట్టీ. రోజూ ఒంటి మీద ఉండేదే అయినా ఇన్ని ముక్కలుంటాయని చాలామంది అనుకోలేదట. మగ్గం ఇంటి కోడలు ప్రతి ముక్కనూ ఎత్తి, రెండు వేళ్ల మధ్య లాగి చూసింది. అప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు, చూసి ఊరుకున్నాను.

2వ రోజు

మా అమ్మాయి ఒక ప్రశ్నావళి తెచ్చింది. దాన్ని వార్క్ అంటారట. న్యూజిలాండ్‌లో నీల్ ఫ్లెమింగ్ అనే ఆయన తయారుచేశాడు, 1992లో కొలీన్ మిల్స్‌తో కలిసి దాని గురించి ప్రచురించాడు. మనుషులు సమాచారాన్ని నాలుగు దారుల్లో తీసుకోవడానికి ఇష్టపడతారని అందులోని ఆలోచన: బొమ్మలు చూసి, చెవితో విని, చదివి రాసి, చేత్తో చేసి. పదహారు ప్రశ్నలు. అమ్మాయి వాటిని మన ఊరి పనులకు తగ్గట్టు తెలుగులో మార్చి, ఒక్కొక్కరి దగ్గర కూర్చుని చదివి వినిపించింది. కొత్త వంట నేర్చుకోవాలంటే ఏం చేస్తారు, తెలియని ఊళ్లో దారి ఎలా కనుక్కుంటారు, ఇలాంటివి.

ఫలితాలు: చేత్తో చేసేవాళ్లు నలుగురు, చూసి నేర్చేవాళ్లు ఇద్దరు, విని నేర్చేవాళ్లు ఇద్దరు, చదివి రాసేది ఒక్కరే, ఆ డిగ్రీ అమ్మాయి. చాలా సంతోషం వేసింది. నా పాత రెండు విడతల వైఫల్యానికి కారణం దొరికిందని నమ్మాను. రాత్రి పదకొండు దాకా కూర్చుని నాలుగు రకాల పాఠాలు రాసుకున్నాను.

5వ రోజు

మిషను తొక్కడం. ఇది అందరికీ ఒకటే. పాదం ముందు భాగం, మడమ, రెండూ ఒకదాని తర్వాత ఒకటి ఒత్తాలి. లయ తప్పితే చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడుతుంది. దారం ఎక్కించకుండా, గీతల కాగితం మీద సూది నడిపించాం. మొదట నిలువు గీతలు, తర్వాత చతురస్రాలు, తర్వాత నత్తగుల్లలాంటి చుట్లు. సూది పడ్డ చోటల్లా రంధ్రం మిగులుతుంది కాబట్టి కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూస్తే ఎక్కడ దారి తప్పామో తెలుస్తుంది.

ఇక్కడ నా నాలుగు రకాల పాఠాల అవసరమే పడలేదు. తొక్కడం మొదలుపెట్టిన మూడో రోజు సాయంత్రానికే ఏడుగురు సరిగ్గా తొక్కారు.

9వ రోజు

కొలతలు, కాగితం కత్తిరింపు. ఇక్కడి నుంచి గుంపులుగా విడదీశాను. విని నేర్చే ఇద్దరికి కొలతల లెక్కను పాటలా చెప్పాను. చూసి నేర్చేవాళ్లకు గోడ మీద పెద్ద బొమ్మ గీశాను. డిగ్రీ అమ్మాయికి రాత పుస్తకం. చేత్తో చేసేవాళ్లకు నేరుగా కాగితం, కత్తెర.

మా దుకాణంలో మేం వాడే లెక్క ఇది. ఛాతీ కొలత 36 అంగుళాలైతే నాలుగో వంతు 9, కుట్టుకూ వదులుకూ ఒకటిన్నర కలిపితే పదిన్నర. చంక లోతు ఆరో వంతు, మెడ వెడల్పు పన్నెండో వంతు. వినడానికి సులువుగానే ఉంటుంది.

విని నేర్చే గుంపులోని పెద్దావిడ లెక్కంతా తడబడకుండా అప్పజెప్పింది. కాగితం మీద గీయమంటే మాత్రం తొమ్మిది దగ్గర పెట్టాల్సిన చుక్క ఎనిమిదిన్నర దగ్గర పెట్టింది. మళ్లీ చెప్పాను. మళ్లీ అదే. మూడోసారి ఇంకా నెమ్మదిగా, ఇంకా స్పష్టంగా చెప్పాను. ఆవిడ ముఖం చిన్నబోయింది.

12వ రోజు

ఇళ్లలో పని చేసే ఆవిడ రెండు రోజులుగా రావడం లేదు.

పెద్దావిడ సంగతి మాత్రం ఈ రోజు తేలింది. సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి చాచినంత దూరం పెట్టుకుని చూస్తోంది. చత్వారం. నాకూ నలభై నాలుగో ఏట వచ్చింది, అయినా తట్టలేదు. నా కళ్లజోడు తీసి ఆవిడకు పెట్టాను. టేపు మీద అర, పావు గీతలు చూసి, "ఇన్ని గీతలున్నాయా అమ్మాయీ దీని మీద" అంది. తొమ్మిది దగ్గర చుక్క తొమ్మిది దగ్గరే పడింది.

ఆవిడకు వినడం ఇష్టమై ప్రశ్నావళిలో అలా చెప్పలేదు. దగ్గరి వస్తువులు సరిగ్గా కనిపించక, ఎన్నో ఏళ్లుగా పనులన్నీ విని చేసుకోవడం అలవాటు చేసుకుంది. నేను దానికి ఒక పేరు పెట్టి, ఆ పేరు ప్రకారం ఇంకా ఎక్కువ వినిపించాను. ఆవిడకు కావాల్సింది ఒక కళ్లజోడు.

ఈ ఒక్క సంగతి ప్రాజెక్టు మొత్తాన్నీ మార్చేసింది. ఆ రాత్రి డైరీలో నాలుగు గుంపుల పట్టికను కొట్టేశాను. దాని బదులు ప్రతి పేరు ఎదురుగా ఒకే ప్రశ్న రాసుకున్నాను: ఈమె చెయ్యి ఏ చోట ఆగుతోంది?

13వ రోజు

రావడం మానేసిన ఆవిడ ఇంటికి వెళ్లాను. ముందు ఒంట్లో బాగాలేదంది. కాసేపు కూర్చున్నాక చెప్పింది: "అక్కా, అందరి ముందూ ముప్పై నాలుగులో నాలుగో వంతు ఎంత అని అడిగారు కదా. నాకు అంకెలు గుర్తుపట్టడం వచ్చు. భాగాలు రావు. ఇక నాకు రాదులే అనిపించింది."

ఆ రోజు నేను అడిగిన తీరు నాకు గుర్తుంది. చేత్తో చేసి నేర్చుకుంటుందని రాసిపెట్టి ఉన్న మనిషిని నిలబెట్టి, నోటి లెక్క అడిగాను. జవాబు రాకపోతే పక్కావిడ వైపు తిరిగాను. పాత రెండు విడతల్లో మానేసినవాళ్లలో ఎంతమంది ఇలా వెళ్లిపోయారో తలుచుకుంటే బాధ కలుగుతోంది.

ఆవిడ గడపలోనే కూర్చుని టేపు తీశాను. ముప్పై నాలుగు దగ్గర వేలు పెట్టి పట్టుకోమన్నాను. టేపు మొదలును తెచ్చి ఆ వేలికి ఆనించి మడవమన్నాను. సగం. ఆ మడతను మళ్లీ మడవమన్నాను. నాలుగో వంతు. ఎంతొచ్చిందో చదవక్కర్లేదు, ఆ మడత పొడవునే కాగితం మీద పెట్టి చుక్క పెడితే చాలు. ఆరో వంతు కావాలంటే ముందు మూడు మడతలు, తర్వాత సగం. పాతకాలం దర్జీల్లో చాలామంది ఇలాగే చేసేవారు. నేను కూడా చిన్నప్పుడు ఇలా చేసినదాన్నే. లెక్క వచ్చాక మరిచిపోయాను.

మర్నాడు అందరికన్నా ముందు వచ్చి, మిషన్ల మీద గుడ్డలు తీసి దులుపుతోంది.

17వ రోజు

మొదటిసారి నిజమైన గుడ్డ. పాత పంచెలు, చీరల ముక్కలు తెచ్చుకోమన్నాను. కొత్త గుడ్డైతే పాడవుతుందన్న భయంతో కత్తెర కదలదు. ఆ భయం కూడా నేర్చుకోవడానికి అడ్డే. గుడ్డ ధర తెలిసినవాళ్లకు అది ఇంకా ఎక్కువ.

చూసి నేర్చుకుంటుందని రాసుకున్న ఒకావిడ కత్తిరించిన అంచు ప్రతిసారీ ఎలుక కొరికినట్టు వస్తోంది. వారం రోజులుగా గమనిస్తున్నాను, మళ్లీ మళ్లీ చేసి చూపిస్తున్నాను. ఈ రోజు ఆవిడ వెనక నిలబడి చూశాను. అన్నం కుడి చేత్తోనే తింటుంది, రాత కుడి చేత్తోనే. కత్తెర మాత్రం కుడి చేతిలో ఉన్నంతసేపూ మణికట్టు వణుకుతోంది. "ఇంట్లో కూరగాయలు ఏ చేత్తో తరుగుతావు?" అని అడిగాను. సిగ్గుపడుతూ ఎడమ చెయ్యి చూపించింది. చిన్నప్పుడు కొట్టి మాన్పించారట, కొన్ని పనులకు మాత్రం అది పోలేదు.

కుడి చేతి కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే సమస్య తీరదు. వేళ్లు నొక్కే దిక్కు తారుమారై కత్తెర రెక్కలు ఒకదానికొకటి ఎడమవుతాయి, గుడ్డ తెగకుండా మధ్యలో మడత పడుతుంది. పై రెక్క గీతను కప్పేస్తుంది కాబట్టి ఎక్కడ కోస్తున్నామో కనిపించదు. ఎడమ చేతి కత్తెరలో రెక్కలే అటుదిటు ఉంటాయి. గుంటూరులో నాలుగు కొట్లు తిరిగితే ఒకటి దొరికింది. ఆవిడకు హుక్కులు, కాజాలు నేర్పేటప్పుడు పక్కన కాకుండా ఎదురుగా కూర్చుంటున్నాను. అద్దంలో చూసినట్టు నా కుడి చెయ్యి ఆమె ఎడమ చేతికి సరిపోతుంది.

దానితోనే ఇంకోటి తెలిసింది. మిగతా ఎనిమిది మందికీ ఇన్నాళ్లూ నేను బల్లకు అవతలి వైపు నిలబడి చూపిస్తున్నాను. వాళ్లకు నా చేతులు తలకిందులుగా కనిపిస్తున్నాయి. ముందు మెడ వాళ్లకు వెనక మెడలా ఉంది. బల్లను గోడ వైపు తిప్పి, వాళ్లందరూ నా భుజాల వెనక నుంచి చూసేలా నిలబెట్టాను. చంక గుండ్రం గీయడంలో సగం ప్రశ్నలు ఆ రోజే ఆగిపోయాయి.

22వ రోజు

ఆదివారం. అమ్మాయి, నేను కూర్చుని చదువుకున్నాం. ప్రశ్నావళి తెచ్చింది తనే కాబట్టి, దాని మీద పరిశోధన ఏం చెబుతోందో చూడాలని తనకే పట్టుదల వచ్చింది.

2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్కపెడితే, మనుషుల్ని నేర్చుకునే తీరును బట్టి విడదీసే పద్ధతులు 71 ఉన్నాయట. డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పింది ఒకటి, ఫ్లెమింగ్ చెప్పింది ఇంకొకటి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక సూటి ప్రశ్న వేశారు. మన గదికి అన్వయించి చెప్పుకుంటే ఇలా ఉంటుంది. వినేవాళ్లను సగం సగం చేసి, ఒక సగానికి మాటలతో, ఇంకో సగానికి బొమ్మతో చెప్పాలి. చూసేవాళ్లకూ అంతే. చివర్లో అందరికీ ఒకే పరీక్ష. వినేవాళ్లకు మాటలతోనూ, చూసేవాళ్లకు బొమ్మతోనూ ఎక్కువ మేలు జరిగితేనే ఆ విభజనకు అర్థం. అలా పద్ధతి ప్రకారం చేసిన పరిశోధనలు చాలా తక్కువ ఉన్నాయనీ, ఉన్నవాటిలో కూడా కొన్ని ఈ నమ్మకానికి ఎదురుగానే తేల్చాయనీ వాళ్లు రాశారు. తీరును బట్టి పాఠం మార్చడానికి తగిన ఆధారం లేదన్నది వాళ్ల నిర్ణయం.

అమ్మాయి కొంచెం దిగులుపడింది. "అయితే అందరూ ఒకలాగే నేర్చుకుంటారా?" అంది. నేను పన్నెండో రోజు, పదమూడో రోజు, పదిహేడో రోజు రాసింది చదివి వినిపించాను. మనుషుల మధ్య తేడాలు నా కళ్ల ముందున్నాయి. చూపు వేరు, చెయ్యి వేరు, అంకెలతో పరిచయం వేరు, అంతకుముందు చేసిన పని వేరు, భయం వేరు. ఇష్టం కూడా వేరే. ప్రశ్నావళి కనిపెట్టగలిగింది ఇష్టాన్ని. చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడాలంటే పక్కన కూర్చోవాలి. దీని మీద నాకిక సందేహం లేదు.

పాఠాన్ని ఏ దారిలో చెప్పాలన్నది నేర్చుకునే మనిషిని బట్టి కాకుండా, నేర్పే విషయాన్ని బట్టి ఉంటుందని కూడా ఇప్పుడు అనుకుంటున్నాను. మిషను లయను చెవితోనే పట్టాలి, అందరికీ. చంక గుండ్రం కంటితోనే తెలియాలి. గుడ్డ ఎంత సాగుతుందో వేళ్లకే తెలుస్తుంది. కొలతలు రాసుకోకపోతే ఎవరైనా మరిచిపోతారు.

28వ రోజు

డిగ్రీ అమ్మాయి రాత పుస్తకం చూడముచ్చటగా ఉంటుంది. రంగు పెన్సిళ్లతో ప్రతి ముక్కకూ బొమ్మ, పక్కన కొలతలు. కానీ ఈ రోజు తను కత్తిరించిన రెండు చేతులూ ఒకే వైపువి. చేతి ముందు భాగంలో గుండ్రం కొంచెం ఎక్కువ లోతుగా ఉండాలి. రెండు పొరల్నీ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి కోయకపోతే రెండూ ఒక భుజానికే పనికొస్తాయి. ఆ సంగతి తన పుస్తకంలో స్పష్టంగా, ఎర్ర గీత కింద రాసుంది.

ఇంతకీ తను పుస్తకం చూస్తూ చేస్తుంది. చూడకుండా ఎప్పుడూ చేయలేదు. 2006లో రోడిగర్, కార్పికి అనే ఇద్దరు చేసిన ప్రయోగం గురించి ఆదివారం చదివిందే గుర్తొచ్చింది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లది పైచేయి. వారం తర్వాత పెడితే గుర్తుచేసుకుని రాసినవాళ్లది పైచేయి.

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. గదిలోకి రాగానే పుస్తకాలు, గోడ బొమ్మలు అన్నీ మూసేస్తాం. పాత వార్తాపత్రిక మీద, నిన్న నేర్చుకున్న ముక్కను గుర్తున్నంతవరకు గీయాలి. పది నిమిషాలు. తర్వాతే పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి. తప్పులు ఎవరివి వాళ్లే దిద్దుకుంటారు, నేను చూడను. చదువు రానివాళ్లూ, వచ్చినవాళ్లూ ఈ ఒక్క పనిలో సమానంగా కష్టపడ్డారు. వారం తిరిగేసరికి సమానంగా లాభపడ్డారు.

35వ రోజు

మగ్గం ఇంటి కోడలి గురించి రాయాలి.

మెడకు వేసే క్రాస్ పట్టీని గుడ్డ మూల నుంచి ఏటవాలుగా ఎందుకు కోస్తారో చెప్పడం నాకెప్పుడూ కష్టమే. నిలువుగా కోసిన పట్టీ గుండ్రటి మెడ చుట్టూ తిరగదు, ముడతలు పడుతుంది. ఇన్నేళ్లూ "ఇలాగే కోయాలి" అని మాత్రమే చెప్పాను. ఈ రోజు ఆవిడ లేచి, ఒక ముక్క తీసుకుని, "ఇటు లాగితే పడుగు, నిలువు పోగులు, సాగదు. ఇటు లాగితే పేక, అడ్డ పోగులు, కొంచెం సాగుతుంది. మూలకు లాగితే పోగులు జరుగుతాయి, అందుకని ఎక్కువ సాగుతుంది. సాగేదే మెడ చుట్టూ వంగుతుంది" అని చేసి చూపించింది. మొదటి రోజు ప్రతి ముక్కనూ వేళ్ల మధ్య లాగింది ఇందుకే.

గదిలో అందరూ తమ ముక్కలు తీసి మూడు వైపులా లాగి చూశారు. ఒక్క నిమిషంలో అందరికీ అర్థమైంది. ఇరవై రెండేళ్ల అనుభవంతో నేను చెప్పలేనిది ఆవిడ చెప్పింది. ఆవిడకు తెలిసిన పనిలోంచి నేను పాఠం మొదలుపెట్టి ఉంటే, ఆ నెల రోజులూ ఆవిడ మౌనంగా కూర్చునేది కాదు. ఇప్పుడు గుడ్డ గుణం చెప్పే పాఠాలన్నీ ఆవిడవే. వచ్చే విడతకు కూడా రమ్మని అడిగాను, రోజుకింత అని ఇస్తాను.

43వ రోజు

ఒకావిడ మానేసింది. భర్తకు వేరే ఊళ్లో పని దొరికి కాపురం మార్చారు. కాగితం మీద గీసుకున్న ముక్కలన్నీ చుట్టి, కొలతలు రాసి ఇచ్చి పంపాను. ఎనిమిది మంది మిగిలారు.

ఇప్పటిదాకా అందరూ 36 కొలతకే కుడుతున్నారు. ఒకే కొలత పది సార్లు చేస్తే చెయ్యి తిరుగుతుందని నా నమ్మకం. మా అమ్మాయి 1978లో కెర్, బూత్ అనే ఇద్దరు చిన్న పిల్లలతో చేసిన ప్రయోగం చదివి చెప్పింది. ఎనిమిదేళ్ల పిల్లలు చిన్న సంచీని గురి చూసి విసరాలి. కొందరు మూడడుగుల దూరం నుంచే అభ్యాసం చేశారు. కొందరు రెండడుగులు, నాలుగడుగుల నుంచి చేశారు గానీ మూడడుగుల నుంచి చేయలేదు. చివరి పరీక్ష మూడడుగుల నుంచే. అయినా రెండో గుంపే బాగా విసిరింది.

ఈ వారమంతా 32, 34, 38, 40 కొలతలు వంతులవారీగా ఇచ్చాను. మొదటి రెండు రోజులూ అందరి పనీ మందగించింది, తప్పులు పెరిగాయి, నా మీద కొంచెం విసుక్కున్నారు కూడా. నాలుగో రోజు పెద్దావిడ, "కొలత పెరిగితే అన్నీ ఒకేలా పెరగడం లేదు అమ్మాయీ. ఛాతీ పెరిగినంతగా భుజం పెరగడం లేదు" అంది. ఇది ఎవరూ చెప్పకుండా ఆవిడ తనంతట తాను పట్టుకుంది. భుజాలు జారే జాకెట్లు ఊళ్లో అన్ని ఉండటానికి కారణం అదే.

51వ రోజు

లైనింగ్ వేయడం, డాట్లు (ఒంటికి అతికేలా వేసే మడత కుట్లు), నడుము పట్టీ. పని నడుస్తోంది. రాయడానికి పెద్దగా ఏమీ లేదు, మిషన్ల చప్పుడు బాగుంది.

58వ రోజు

పరీక్ష. ప్రతి ఒక్కరూ చీటీ తీసి, చీటీలో వచ్చిన మనిషి కొలతలు తీసుకుని, రెండు రోజుల్లో లైనింగ్ జాకెట్టు పూర్తి చేయాలి. పుస్తకం చూడకూడదు, ఆది జాకెట్టు ఉండకూడదు. టేపు మడుచుకోవచ్చు. కళ్లజోడు, ఎడమ చేతి కత్తెర వాడుకోవచ్చు. నోటితో చెప్పమని ఎవర్నీ అడగలేదు, ఎందుకంటే నేను చూడాల్సింది జాకెట్టు.

ఆరుగురివి మొదటిసారే ఒంటికి సరిపోయాయి. ఒకావిడది వెనక మెడ జారింది, భుజం వెడల్పు అర అంగుళం ఎక్కువైంది. ఇంకొకావిడ చంక దగ్గర ముడతలు పడ్డాయి. ఇద్దరూ కుట్లు విప్పి, తప్పు ఎక్కడుందో వాళ్లే గుర్తించి సరిచేశారు. డిగ్రీ అమ్మాయి చేతులు రెండూ రెండు భుజాలకే కుదిరాయి. నా కొలతలు తీసుకున్నది ఇళ్లలో పని చేసే ఆవిడ. నా చుట్టూ టేపు చుట్టి, వేలు పెట్టి, తెచ్చి మడిచి, మళ్లీ మడిచి, ఒక్క అంకె కూడా పైకి చదవకుండా చుక్కలు పెట్టింది. ఆ జాకెట్టు ఇప్పుడు వేసుకునే ఇది రాస్తున్నాను.

60వ రోజు

వచ్చే విడతకు పదకొండు మంది పేర్లు ఇచ్చారు. చేరేటప్పుడు నింపే కాగితం కొత్తగా రాశాను. అందులో నేర్చుకునే తీరు ఏదని అడగడం లేదు. మొదటి రోజు సూదిలో దారం ఎక్కించమని అడుగుతాను, దూరం చూస్తాను. ఒక కాగితాన్ని గుండ్రంగా కోయమని ఇస్తాను, ఏ చెయ్యి ముందుకొస్తుందో చూస్తాను. టేపు ఇచ్చి ఒక బల్లను కొలవమంటాను, ఒక్కరినే, మిగతావాళ్లు కింద ఉన్నప్పుడు. ఇంతకుముందు ఏ పని చేశారో అడిగి, ఆ పని గురించి వాళ్లు చెప్పినంతసేపూ వింటాను.

ప్రశ్నావళిని మా అమ్మాయి పారేయలేదు. వాళ్లకు ఏది ఇష్టమో తెలిస్తే మాట కలపడానికి పనికొస్తుందంది. అది నిజమే, ఉంచుకోమన్నాను.

రేపు ఉదయం గుంటూరు వెళ్లాలి. ఎడమ చేతి కత్తెర మరొకటి, చవకలో దొరికే దగ్గరి చూపు కళ్లజోళ్లు మూడు రకాలవి, కొత్త టేపులు పదకొండు.